కిలో రొయ్యకు ఎన్ని చేతులు?

బుజ్జులూ,

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ చూపించిన చార్టు గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను, కానీ మధ్యలో అమ్మమ్మ వచ్చి "పిల్లల్ని విసిగించకండి" అని ఫోన్ లాక్కుంది. చార్టులో కింద సంవత్సరాలు, పక్కన ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల టన్నులు, పైకి పోతున్న గీత, దాని కింద ఎర్ర పెన్నుతో "ఎగుమతులు పెరిగితే ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పెరుగుతాయి" అని తీర్పు. పూర్తిగా తప్పు అనను. కానీ నేను ముప్ఫై ఏళ్ళు భీమవరం పక్కన రొయ్యల ప్లాంటు టైమ్ ఆఫీసులో కూర్చుని, పొద్దున ఎంతమంది లోపలికొచ్చారో, రాత్రి ఎంతమంది బయటికెళ్ళారో రాసినవాణ్ణి. టన్నుల రిజిస్టరు డిస్పాచ్ వాళ్ళ దగ్గరుండేది, మనుషుల మస్టరు, అంటే హాజరు పుస్తకం, నా దగ్గరుండేది. ఆ రెండూ జోడెద్దుల్లా నడిచిన సీజన్లు ఉన్నాయి, ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ లాగిన సీజన్లూ ఉన్నాయి.

ఎందుకలా అంటే ముందు ప్లాంటు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. మీరు రొయ్యని ప్లేటులో తప్ప ఎక్కడా చూడలేదు కదా.

చెరువులో పట్టుబడి అయ్యాక సరుకు ఐసులో వేసుకుని లారీలో మా గేటుకొస్తుంది, చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే. కడుగుతారు, తూస్తారు, కౌంట్ చూస్తారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క, ముప్ఫై కౌంటంటే పెద్ద రొయ్య, వంద కౌంటంటే చిన్నది. ఆ తర్వాత తల తీయడం. రొయ్య బరువులో మూడో వంతుకు పైగా తలే, మీ అమ్మమ్మ బజారులో గొణిగేది అందుకే. ఇక్కడ దారులు విడిపోతాయి. తలతోనే, లేదా తల మాత్రం తీసేసి, పొట్టుతో దిమ్మలుగా గడ్డకట్టించి పంపేయొచ్చు. లేదంటే పొట్టు ఒలిచి, వీపు మీద గాటు పెట్టి నల్లటి నరం లాగి (నరం అంటాం గానీ అది దాని పేగు), తోక ఉంచమన్నవాడికి ఉంచి, వద్దన్నవాడికి తీసి, ఏ రొయ్యకారొయ్య విడిగా గడ్డకట్టించి, అక్కడి సూపర్ మార్కెట్ పేరు అచ్చేసిన సంచుల్లో నింపొచ్చు. ఇంకో మెట్టెక్కి ఉడికించో, పిండి పట్టించో పంపేవాళ్ళూ ఉన్నారు.

బయట నుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి కంటైనర్లే, తెల్ల డబ్బా, వెనక మోటారు. కానీ దిమ్మల ఆర్డరు రోజున మస్టరు ఒక పేజీ దాటేది కాదు, ఒలుపు ఆర్డరు వచ్చిందంటే నాలుగైదు పేజీలు నింపి చెయ్యి నొప్పెట్టేది. పెరిగేవన్నీ ఆడవాళ్ళ పేర్లే. నరసాపురం, మొగల్తూరు వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత ఒడిశా నుంచి, అస్సాం నుంచి కూడా వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ఆ పేర్లకి స్పెల్లింగు రాక నేను పడ్డ తిప్పలు ఇంకోసారి చెబుతాను. నేను చెప్పదలుచుకున్నదల్లా ఇది: ఉద్యోగాలు ఎన్నొస్తాయో చెప్పడానికి ఎన్ని టన్నులు పోయాయో చాలదు, ఆ టన్ను ఓడెక్కేముందు మన దగ్గర ఎంత పని జరిగిందో కూడా కావాలి.

మీ చార్టుకే వద్దాం. 2023-24లో మన దేశం నుంచి 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు బయటికెళ్ళాయి, విలువ 60,523 కోట్ల రూపాయలు. 2024-25లో టన్నులు 16.98 లక్షలకు తగ్గాయి, రూపాయలు మాత్రం 62,408 కోట్లకు పెరిగాయి. ఇప్పుడు చెప్పండి, ఉద్యోగాలు పెరిగాయా తగ్గాయా? టన్నుల గీత గీసిన పిల్ల తగ్గాయంటుంది, రూపాయల గీత గీసిన పిల్లాడు పెరిగాయంటాడు, ఇద్దరికీ మార్కులు పడతాయి, ఆ గీతల్లో మాత్రం ఒక్క మనిషీ లేడు.

రెండో సంగతి. ఎగుమతి చేసే ఫ్యాక్టరీల్లో జనం ఎక్కువ, జీతాలు కూడా ఎక్కువ అని మీ పుస్తకంలో ఉందన్నారు. నిజమే. 1990లలో బెర్నార్డ్, జెన్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా ఫ్యాక్టరీల లెక్కలు తీసి సరిగ్గా ఇదే చూపించారు. అయితే వాళ్ళు అక్కడితో ఆగలేదు. ఎగుమతి మొదలుపెట్టకముందు ఆ ఫ్యాక్టరీలు ఎలా ఉండేవో కూడా చూశారు. చూస్తే, అప్పటికే అవి మిగతావాటి కన్నా పెద్దవి, బాగా నడుస్తున్నవి. అంటే ఎగుమతి వల్ల పెద్దవయ్యాయనడం కన్నా పెద్దవే ఎగుమతిలోకి దిగగలిగాయనడం సబబు. దిగాక మాత్రం పనివాళ్ళ సంఖ్య మిగతావాటి కన్నా త్వరగా పెరిగింది, మూతపడటమూ తక్కువే. చెట్టు ముందా విత్తు ముందా అంటారే, అలాంటిదే, కాకపోతే ఇక్కడ కొంచెం జవాబు దొరికింది.

ఇది నాకు వింతగా అనిపించలేదు, ఎందుకంటే కళ్ళారా చూశాను. 1997లో యూరప్ వాళ్ళు మన ప్లాంట్ల శుభ్రత బాగాలేదని భారతదేశపు సముద్ర ఉత్పత్తుల్నే ఆపేశారు. అంతకుముందు ఒలుపు పని చాలావరకు బయటి షెడ్లలో జరిగేది, కేరళలో మరీ ఎక్కువ, మన తీరంలోనూ ఉండేవి. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, ఒక మేస్త్రి, ఇరవై ముప్ఫై మంది ఆడవాళ్ళు, చంకలో పిల్లలతో సహా. నిషేధం తర్వాత టైల్స్ గోడలు, క్లోరిన్ నీళ్ళు, తలకి టోపీ, చేతికి గ్లౌజు, ల్యాబు, అన్నీ ఒకే కప్పు కింద ఉండాలన్నారు. డబ్బున్నవాడు కట్టాడు, లేనివాడు షెడ్డుకి తాళం వేశాడు. మా ప్లాంటు లెక్కల్లో ఆ తర్వాత "కొత్త ఉద్యోగాలు" అని పడ్డవాటిలో సగానికి సగం పాత షెడ్లలో చేసిన చేతులే. దీన్ని ఉద్యోగాలు పెరగడమనాలా, చోటు మారడమనాలా? అలా వచ్చినవాళ్ళలో కొందరికి మొదటిసారి పీఎఫ్ నంబరు వచ్చింది, అది మంచిదే. చంటిపిల్లలున్నవాళ్ళకి ఇంటి పక్క పని పోయింది, బస్సెక్కి రాలేక మానేశారు. వాళ్ళ పేర్లు నా మస్టరులోకి ఎప్పుడూ రాలేదు గనక ఏ చార్టులోనూ తగ్గలేదు.

సరుకు సంగతి కూడా చెప్పాలి. మా రోజుల్లో టైగర్ రొయ్య. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి, ఊళ్ళో ఎవరింటికెళ్ళినా అప్పుల మాటే. తర్వాత 2009లో వనామికి అనుమతిచ్చారు, దక్షిణ అమెరికా వైపు పసిఫిక్ తీరపు రొయ్య అది. అక్కణ్ణుంచి ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలు, మేత కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి, ఇవాళ దేశంలో రొయ్యల సాగంటే ముందు మన ఆంధ్రే. ఆ పదేళ్ళు మస్టరు, టన్నులు కలిసి పెరిగాయి. ఎందుకంటే కొన్నది అమెరికా, అమెరికావాడికి పొట్టు ఒలిచే ఓపిక లేదు! వాడి బద్ధకం మన ఆడవాళ్ళకి కూలీ అయింది. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా.

కానీ ఒక్కడి మీదే ఆధారపడితే ఏమవుతుందో 2025లో చూశాం. 2024-25లో మన దేశం ఎగుమతి చేసిన రొయ్యలు సుమారు 7.4 లక్షల టన్నులు, అందులో 3.1 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. 2025 ఏప్రిల్ మొదట్లో ట్రంప్ కొత్త సుంకాలు ప్రకటించగానే, అవి ఇంకా అమల్లోకి రాకముందే, చెరువు గట్టు మీద ధర పడిపోయింది. ముఖ్యమంత్రి చంద్రబాబు రొయ్యలకి మినహాయింపు ఇప్పించమని కేంద్ర మంత్రి పీయూష్ గోయల్‌కి ఉత్తరం రాశారు. ఆగస్టు 27కి ఆ సుంకం 50 శాతం అయింది, దాని మీద పాత యాంటీ డంపింగ్ సుంకం (బయటి సరుకు మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది) వేరే.

ఆ యాంటీ డంపింగ్ కథ కూడా ఉద్యోగాల కథే. 2003 చివర అమెరికా దక్షిణ తీరంలో రొయ్యలు పట్టేవాళ్ళు, బయటిదేశాల చవక సరుకొచ్చి తమ పని పోతోందని ఫిర్యాదు పెడితే, 2005 నుంచి మన మీదా ఇంకొన్ని దేశాల మీదా ఆ సుంకం పడింది. ఇక్కడ ఒక పేజీ పెరిగితే అక్కడ ఒక పడవ కట్టేసి ఉంటోందన్నమాట. అది వాళ్ళ కడుపు మంట. అప్పట్లో మేం వాళ్ళని తిట్టుకున్న మాట వాస్తవమే.

సుంకం పడితే ప్లాంటు వెంటనే మూతపడదు. మీరు సినిమాల్లో చూసినట్టు గేటుకి నోటీసంటించడం, గొడవ, అలా ఉండదు. ముందు రాత్రి షిఫ్టు పోతుంది. తర్వాత కాంట్రాక్టు మేస్త్రితో "ఈ వారం బస్సు ఒకటి చాలు" అంటారు. వారానికి ఆరు రోజులు వచ్చినావిడ మూడు రోజులొస్తుంది. పర్మనెంటు వాళ్ళ సంఖ్య అలాగే ఉంటుంది, కాగితం మీద ఉద్యోగాలు తగ్గినట్టే కనబడదు. పైకి పోయేటప్పుడు మేస్త్రి మనుషులతో పెంచుతారు, కిందికొచ్చేటప్పుడూ వాళ్ళతోనే తగ్గిస్తారు. నేను పనిచేసినచోట ఒకసారి ఇలాగే ఆర్డర్లు ఆగినప్పుడు, పన్నెండేళ్ళు ఒలిచిన ఒకావిడ నా కిటికీ దగ్గరికొచ్చి "బాబుగారూ, నా పేరు కొట్టేశారా?" అని అడిగింది. కొట్టేయలేదు, అసలు ఆ పేరు కంపెనీ పుస్తకంలో ఉంటే కదా, పన్నెండేళ్ళూ మేస్త్రి చీటీలోనే ఉంది. ఆ చీటీ చూసి రోజూ హాజరు వేసింది నేనే, ఒక్కరోజూ అడగాలని తోచలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

"అమెరికా కాకపోతే ఇంకో దేశానికి అమ్ముకోవచ్చుగా తాతయ్యా" అంటారని తెలుసు. అమ్ముతున్నారు, అమ్మాలి కూడా. చైనా మన రెండో పెద్ద గిరాకీ. వియత్నాం కూడా కొంటుంది. అయితే వాళ్ళు మన దగ్గర ఎక్కువగా తీసుకునేది పొట్టుతో ఉన్న సరుకు. ఒలుపు, వంట, ప్యాకింగు చాలావరకు వాళ్ళ ప్లాంట్లలోనే చేసుకుని, వియత్నాం వాళ్ళయితే మళ్ళీ బయటికమ్ముకుంటారు కూడా. 2025 అక్టోబరులో ఇంకో కబురొచ్చింది, ఆస్ట్రేలియా మన పొట్టు తీయని రొయ్యలకి అనుమతిచ్చిందని. తెల్లమచ్చ భయంతో 2017 నుంచి గట్టిగా కట్టడి పెట్టిన దేశం అది. మా పాత మిత్రులంతా వాట్సాప్‌లో దండలు పంపుకున్నారు. నేనూ పంపాను. కానీ "పొట్టు తీయని" అన్న మాట దగ్గర నా కన్ను ఆగింది. రైతుకి మంచిదే, చెరువు నిండుతుంది, సీడు (రొయ్యపిల్లలు) అమ్మేవాడికీ మేత అమ్మేవాడికీ లారీవాడికీ మంచిదే. ఒలుపు బల్ల దగ్గరున్నావిడకి మాత్రం, అమెరికాకి పోయే టన్ను తగ్గి ఆ టన్నే ఇంకెక్కడికో పొట్టుతో పోతే, టన్నుల గీత పడిపోకపోయినా రోజు కూలీ ఉండదు.

మెషీన్ల మాట అడిగింది నువ్వే కదా పెద్దదానా. రొయ్యలొలిచే యంత్రం కొత్తదేమీ కాదు. 1940లలో లూసియానాలో ఒక కుర్రాడు రబ్బరు బూటుతో రొయ్యని తొక్కి చూస్తే కండ పొట్టులోంచి జారి బయటికొచ్చిందట, ఆ ఆలోచనలోంచే రబ్బరు రోలర్ల యంత్రం పుట్టింది. అక్కడ కూలీ ఖరీదు గనక అంత ముందే వచ్చింది. మన దగ్గర చేతిపని చవకగా, శుభ్రంగా వస్తోంది గనక యంత్రం నెమ్మదిగా వస్తోంది. ఆర్డర్లు పెద్దవై, మనుషులు దొరకని పరిస్థితి వస్తే కొంటారు. కొనగలిగేవాళ్ళూ ఎగుమతితో నాలుగు డబ్బులు వెనకేసుకున్న పెద్దవాళ్ళే. అంటే మనుషుల్ని పెంచే ఎగుమతే యంత్రాన్నీ తెస్తుంది. ఇది మీ చార్టులో ఎక్కడ పెడతారో నాకైతే తోచడం లేదు.

ఇక ప్రాజెక్టు సంగతి. గీసినది చెరిపేయకండి, పాపం రంగులు బాగా వేశారు. టన్నుల గీత పక్కన రూపాయల గీత గీయండి. దాని కింద రొయ్యని రెండు ముక్కలు చేయండి, ఒలిచి పంపింది ఎంత, పొట్టుతో పంపింది ఎంత అని, ఆ అంకెలు మీ సార్‌ని అడిగి పట్టుకోండి. ఎర్ర పెన్నుతో రాసిన వాక్యం చివర "ఒలిచి పంపితే" అని చిన్నగా చేర్చండి చాలు. మీ సార్ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చేయించండి, కాకపోతే నాలుగు దాటాక. మధ్యాహ్నం పడుకుంటాను.

మీ
తాతయ్య