నకలు వాచీ ఎన్నాళ్లు నడుస్తుంది? డయల్ వెనుక దాగిన మిషన్ చరిత్ర

‘ఫస్ట్ కాపీ’ అంటే ఏమిటో తెలుగు నగరాల బజార్లలో ఇప్పుడు ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. పెద్ద కంపెనీ పేరు, ముద్ర, డయల్ పోలికలు అన్నీ ఉండి, ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేని వాచీని అలా పిలుస్తారు. ధర కుదిరాక కొనేవారు అడిగే ప్రశ్న ‘ఎన్నాళ్లు వస్తుంది?’ అన్నదే. ‘మీరు వాడుకునేదాన్ని బట్టి’ అని అమ్మేవారు జవాబిస్తారు. అందులో కొంత నిజముంది కాని, ముఖ్యమైన సంగతి మరుగున పడిపోతుంది. ఒకే డయల్, ఒకే ముళ్లు, ఒకే చెయిను ఉన్న రెండు నకలు వాచీల లోపల పూర్తిగా వేరైన రెండు మిషన్లు ఉండవచ్చు. వాచీని నడిపే యంత్రభాగాన్ని రిపేరు పనివాళ్లు మిషన్ అంటారు కనుక ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను. ఆ రెంటిలో ఒకటి ఏళ్ల తరబడి నడవవచ్చు, రెండోది ఒక్క వర్షాకాలం దాటకపోవచ్చు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే డయల్ మీది పేరును పక్కన పెట్టి, మిషన్ నడిచి వచ్చిన దారిని చూడాలి.

వాచీకి నకలు పుట్టడం ఇప్పటి మాట కాదు. పారిస్‌లో వాచీలు చేసిన అబ్రహాం లూయీ బ్రెగే (1747–1823) బతికి ఉండగానే ఆయన పేరుతో దొంగ వాచీలు అమ్ముడయ్యేవి. 1795 ప్రాంతంలో ఆయన దానికొక ఉపాయం ఆలోచించి, డయల్ మీద పన్నెండో అంకె దగ్గర తన సంతకాన్ని గీయించడం మొదలుపెట్టాడు. అది ఎంత సన్నని గీత అంటే, వాచీని వెలుతురుకు ఏటవాలుగా వంచి చూస్తే తప్ప కంటికి ఆనదు. దొంగతనం డయల్ మీది పేరులోనే జరుగుతుందని బ్రెగే గుర్తించాడు కనుకనే కాపలానూ అక్కడే పెట్టాడు.

మన్నిక విషయంలో పెద్ద మలుపు 1867లో వచ్చింది. జర్మనీలో పుట్టి స్విట్జర్లాండ్‌లో స్థిరపడిన జార్జ్ ఫ్రెడరిక్ రోస్కోఫ్, కూలిపని చేసుకునేవారికి కూడా అందాలని 20 ఫ్రాంకుల జేబు వాచీని తయారుచేశాడు. విడిభాగాల సంఖ్యను 57కు కుదించి, టిక్‌టిక్ మనే చోట కెంపు రాళ్లకు బదులు ఉక్కు పిన్నులు వాడాడు. కెంపు మీద ఉక్కు జారినట్టు ఉక్కు మీద ఉక్కు జారదు. నూనె ఎండిన కొద్దీ ఒరిపిడి పెరిగి పిన్ను అరుగుతుంది. రోస్కోఫ్ ఈ లోటును ఎరిగి, మిగతా పనిని శ్రద్ధగా చేయించి చవకలోనే మంచి వాచీని ఇచ్చాడు. ఆ వాచీకి పేరు రాగానే ఆయన పద్ధతి పేరును డయల్ మీద వేసుకున్న అనుకరణలు మార్కెట్లోకి దిగాయి. పేరును తీసుకుని శ్రద్ధను వదిలేయడమనే నేటి వ్యాపారానికి ఇది తొలి నమూనాల్లో ఒకటని నేననుకుంటాను.

అయితే మరొకరి నమూనాను అనుసరించిన వాచీలన్నీ త్వరగా పాడవుతాయనుకోవడం పొరపాటు. దానికి రుజువు మన ఇళ్లలోనే ఉంది. హెచ్.ఎం.టి. 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సాంకేతిక సహకారంతోనే. రోజూ కీ ఇచ్చుకునే జనతా వాచీలోని 17 రాళ్ల మిషన్‌కు మూలం సిటిజన్ నమూనాయే. హైదరాబాదులోని ఆల్విన్ కూడా 1980లలో సీకో సహకారంతో చేతి వాచీలు చేసింది. ఈ వాచీలు సొంత ఊహతో పుట్టినవి కావు, అయినా తాతల నాటి జనతాలు శుభ్రం చేసి నూనె వేయగానే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎందుకంటే ఒప్పందంతో వచ్చింది వాచీ రూపం ఒక్కటే కాదు. కొలతలతో కూడిన డ్రాయింగులు, వాటికి తగిన యంత్రాలు, పనివాళ్లకు శిక్షణ కలిసి వచ్చాయి. ఏ భాగం పోయినా దాని బదులు పెట్టుకునే భాగం దేశమంతటా దొరికింది.

చైనా కథ మరోలా నడిచింది. అక్కడ తొలి చేతి వాచీలు 1955లో టియాన్‌జిన్‌లో తయారయ్యాయి. 1970ల తొలి ఏళ్లలో ప్రభుత్వం దేశానికంతటికీ ఒకే ప్రామాణిక మిషన్‌ను రూపొందించి, అనేక రాష్ట్రాల ఫ్యాక్టరీల చేత దానినే చేయించింది. ఒక ఫ్యాక్టరీ భాగం మరో ఫ్యాక్టరీ వాచీలో ఇమడాలన్నది ఆ ఏర్పాటు. దాని వల్ల లక్షల సంఖ్యలో మిషన్లు చవకగా చేయగల నైపుణ్యం దేశమంతా పరుచుకుంది. తర్వాత హాంకాంగ్‌లో జరిగే వాచీల కూర్పు పని సరిహద్దు దాటి షెన్‌జెన్‌కు చేరడంతో కేసులు, డయళ్లు, చెయిన్లు చేసే చిన్న కార్ఖానాలు కూడా ఆ పక్కనే వెలిశాయి. స్విస్ కంపెనీ ఈటీఏ తయారుచేసే 2824 మిషన్ పేటెంటు కాలం ముగిసిపోయింది కనుక ఎవరైనా దాన్ని చట్టబద్ధంగానే చేయవచ్చు. స్విట్జర్లాండ్‌లోనే సెలీటా అదే పోలికతో ఎస్‌డబ్ల్యూ200 చేస్తుండగా, టియాన్‌జిన్‌లోని సీగల్ ఎస్‌టి2130 చేస్తోంది. ఈటీఏ యజమాని అయిన స్వాచ్ గ్రూపు 2002లో బయటి కంపెనీలకు విడి మిషన్ల సరఫరాను క్రమంగా ఆపేస్తామని ప్రకటించడంతో ఈ ప్రత్యామ్నాయాలకు గిరాకీ పెరిగింది. కాబట్టి నకలు వాచీలో ఉన్నది చైనా మిషన్ అయినంత మాత్రాన అది చెడ్డదని తీర్పు చెప్పలేం. సీగల్ తన పేరుతో అమ్ముకునే మిషన్‌కు తనిఖీ ఉంటుంది. తనిఖీలో తప్పిపోయినదో, పాత వాచీలోంచి ఊడదీసినదో ఎవరి పేరుతోనో ఉన్న కేసులో కూర్చున్నప్పుడు దాని పుట్టుక చెప్పేవారు ఉండరు.

తక్కువ ధర నకళ్లలో ఎక్కువగా ఉండేది సెల్లుతో నడిచే క్వార్ట్జ్ మిషన్. 1969 డిసెంబరు 25న టోక్యోలో తొలి క్వార్ట్జ్ చేతి వాచీ సీకో ఆస్ట్రాన్ అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 4,50,000 యెన్లు. కాలక్రమంలో ఆ పరిజ్ఞానం ఎంత చవకబడిందంటే, సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉన్న మిషన్ ఇప్పుడు వాచీ మొత్తంలో కారుచౌక భాగమైపోయింది. ఇలాంటి వాచీ వెనక మూత తీసి చూస్తే విషయం అర్థమవుతుంది. పెద్ద కేసు మధ్యలో బొటనవేలి గోరును కాస్త మించిన మిషన్ ఉంటుంది. అది కదలకుండా చుట్టూ తెల్లని ప్లాస్టిక్ రింగు ఒకటి బిగించి ఉంటుంది. డయల్ మీది మూడు చిన్న వృత్తాల్లోని ముళ్లు చాలాసార్లు అతికించినవే, అవి తిరగవు. సెల్లు దగ్గర పచ్చని చిలుము కనబడితే వాచీ ఎందుకు ఆగిందో వేరే వెతకనక్కరలేదు. సిల్వర్ ఆక్సైడ్ సెల్లుకు బదులు అదే పరిమాణంలోని చవక ఆల్కలైన్ సెల్లు వేశారని, అయిపోయాక తీయకుండా వదిలేస్తే అది కారి రాగి తీగచుట్టను తినేసిందని దాని అర్థం. ఆ తప్పు జరగకపోతే ఈ చిన్న మిషన్ కొన్నేళ్లు నిక్షేపంగా నడుస్తుంది. నకలు వాచీల్లో సమయం సరిగా చూపించడం ఆఖరున పోయే గుణం, ముందుగా పోయేది ఒంటి మీది పూత.

చవక రకాల్లో కేసును జింకు మిశ్రమ లోహంతోనో ఇత్తడితోనో పోత పోసి పైన పలుచని పూత వేస్తారు. చెమటలోని ఉప్పు ఆ పూతలోని సూక్ష్మ రంధ్రాల గుండా లోపలికి దిగి అడుగు లోహాన్ని తింటుంది. అందుకే మణికట్టుకు ఆనే వెనక మూత అంచులు, చెయిను మలుపులు, బెల్టు పిన్నులు ఉండే కొమ్ముల లోపలి వైపు మొదట రంగు మారతాయి. కాకినాడ, విశాఖ వంటి తీరపు ఊళ్లలో ఉక్కపోతకు ఇది మరింత త్వరగా జరుగుతుంది. అడుగు పూతలో నికెల్ ఉంటే కొందరి చర్మానికి దురద కూడా పుడుతుంది. ఖరీదైన నకళ్లలో మాత్రం కేసు నిజమైన స్టెయిన్‌లెస్ స్టీలుదే ఉంటుంది, అది తేలిగ్గా చెడదు. 1985లో రోలెక్స్ 904ఎల్ రకం స్టీలును వాడడం మొదలుపెట్టినప్పటి నుంచి దానికి ప్రతిష్ఠ పెరిగింది. నకళ్లు అమ్మేవారూ ఇప్పుడు అదే అంకె చెబుతారు. మామూలు వాడుకకు ఎక్కువ కంపెనీలు వాడే 316ఎల్ కూడా చాలు కనుక, కంటితో తేల్చలేని ఆ అంకెకు అదనంగా డబ్బు పోయడంలో అర్థం లేదు. అద్దం దగ్గర తేడా నిజంగా తెలుస్తుంది. గాలి దుమ్ములో ఉండే ఇసుక రేణువుల కాఠిన్యం మోస్ కొలమానంపై 7, మామూలు మినరల్ అద్దం అంతకంటే మెత్తన, కృత్రిమ నీలమణి అద్దం 9. మినరల్ అద్దానికి నెలల్లో గీతలు పడతాయి, నీలమణి అద్దానికి తేలిగ్గా గీతలు పడవు కాని గట్టి దెబ్బ తగిలితే అంచు పెచ్చు లేస్తుంది.

నీటి విషయంలో జరిగే మోసమే నాకు అన్నింటికంటే బాధ కలిగిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22810 ప్రకారం నీటిని తట్టుకునే సామర్థ్యాన్ని పరీక్షించాకే ఆ మాట వాచీ మీద రాయాలి. నీటి అడుగున డైవింగ్ చేసేవారి వాచీల కోసం ఉన్న ఐఎస్ఓ 6425 ప్రకారం ప్రతి వాచీనీ విడిగా పరీక్షించాలి. నకలు వాచీ మీద ‘300 మీటర్లు’ అని ఉంటే అది పరీక్ష ఫలితం కాదు, అసలు డయల్ మీది అక్షరాలను బొమ్మగా దించినప్పుడు వచ్చినది. వెనక మూత కింద, కీ కాడ చుట్టూ ఉండే రబ్బరు వాషర్లే నీటికి అడ్డు. వాటి ఖరీదు స్వల్పం, పైకి కనిపించవు కూడా, అందువల్ల పొదుపు మొదట వాటి మీదే పడుతుంది. అద్దం లోపల ఆవిరి పట్టిందంటే డయల్ వెనుక ఇనుప భాగాల తుప్పు మొదలైనట్టే. బయటి తడి తుడిచినందువల్ల ప్రయోజనం ఉండదు, ఆ రోజే మూత తీయించి ఆరబెట్టించాలి. అంకె ఏది ఉన్నా నకలు వాచీని నీళ్లకు దూరంగా ఉంచుకోవడమే దాని ఆయుష్షును పెంచే అన్నిటికన్నా చవకైన పద్ధతి.

చేతి కదలికకే కీ తిరిగే ఆటోమేటిక్ నకళ్లలో ప్రాణం నూనెలో ఉంటుంది. గంటకు 28,800 కొట్టుళ్లున్న మిషన్ రోజుకు 6,91,200 సార్లు, ఏడాదికి 25 కోట్లకు పైగా కొట్టుకుంటుంది. అంత ఒరిపిడి జరిగే చోట చుక్క నూనె తక్కువైనా ఎక్కువైనా నష్టమే. కూర్పు తొందరలో ఈ పని సవ్యంగా జరగకపోతే కొత్త వాచీ కూడా ఏడాదికే వెనకబడడం మొదలవుతుంది. అసలు వాచీ రూపం కోసం మిషన్‌ను మార్చిన చోట బలహీనత ఇంకా ఎక్కువ. 1970లలో వచ్చిన వాల్జూ 7750 క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న) మిషన్‌కు చైనాలో తయారైన అనుకరణలను తీసుకుని, సెకన్ల ముల్లును వేరే చోటికి జరపడానికి అదనపు పళ్ల చక్రాలను పైన కూర్చుతారు. మిషన్‌ను రూపొందించినవారు ఊహించని ఆ బరువు వల్ల అది తరచు ఆగిపోతుంది. అదే ధరలో మూడు ముళ్లు, తేదీ మాత్రమే ఉన్న నకలు దానికంటే ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఇదే.

ఇక చెడిన వాచీ బాగుపడుతుందా అన్నది మన్నికలో సగం. భారత ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం దొంగ గుర్తుతో సరుకు తయారుచేయడానికీ అమ్మడానికీ కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అందువల్ల ఈ వ్యాపారంలో సరైన బిల్లు ఉండదు, గ్యారంటీకి బలం ఉండదు. అసలు కంపెనీ సర్వీసు కేంద్రం ఆ వాచీని ముట్టుకోదు. వీధి చివరి రిపేరు పనివాడికి విడిభాగం దొరకదు కనుక మొత్తం మిషన్‌నే మార్చేస్తాడు. అప్పుడు కూడా కొత్త మిషన్ కాడ ఎత్తు పాత కేసు రంధ్రానికి సరిపోకపోతే కీ ఒరుసుకుని వాషరు చిరుగుతుంది.

హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపాక, పాత జనతాలకూ, పైలట్ అనే మరో రకం హెచ్.ఎం.టి. వాచీలకూ గిరాకీ పెరిగి వాటికీ నకళ్లు బయలుదేరాయి. అరిగిన డయళ్ల మీద కొత్త రంగులు వేసి, కంపెనీ ఎన్నడూ విడుదల చేయని రకాలను సృష్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొన్నవారిని మోసగించడమే ఇది. అయినా చాలా వాటిలో రంగు వేసిన ఆ డయల్ వెనుక ఉన్నది బెంగళూరులోనో తుమకూరులోనో తయారైన మిషనే. అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రపు ఇరుసు కాడ విరిగితే, రిపేరు పనివాడు తన రేకు డబ్బా తెరిచి, మరో పాత జనతాలోంచి తీసిన కాడను పట్టకారుతో పైకెత్తి అందులో బిగిస్తాడు.