1948, 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికలు: అపోహలు - వాస్తవాలు

అమెరికా రాజకీయ చరిత్ర పాఠం మొదలుపెట్టే రోజున విద్యార్థుల చేతికి నేను ముందుగా ఇచ్చేది రాష్ట్రాలవారీ ఫలితాల పట్టిక. అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది దేశం మొత్తం మీద పోలైన ఓట్ల కూడిక కాదు, ఒక్కో రాష్ట్రం నుంచి ఎన్నికైన ఎలక్టర్ల (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల) ఓట్లు. వీటినే ఎలక్టోరల్ ఓట్లు అంటారు, సాధారణంగా ఒక రాష్ట్రంలో గెలిచినవారికే ఆ రాష్ట్రపు ఓట్లన్నీ దక్కుతాయి.

అపోహ: 1948లో ట్రూమన్ తన ప్రత్యర్థి డ్యూయీపై 303-189 ఎలక్టోరల్ ఓట్ల తేడాతో సునాయాసంగా గెలిచారు.

వాస్తవం: ఒహాయో, కాలిఫోర్నియా, ఇల్లినాయిస్ రాష్ట్రాలు మూడింటిలో కలిపి ఆయన ఆధిక్యం 60 వేల ఓట్ల లోపే. ఆ మూడూ చేజారి ఉంటే డ్యూయీకి 267 ఎలక్టోరల్ ఓట్లు వచ్చేవి. ఆ ఏడాది గెలుపుకు 266 చాలు.

అపోహ: 1960లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని షికాగోలో జరిగిన రిగ్గింగే, నిక్సన్‌తో పోటీపడిన కెనెడీని అధ్యక్షుణ్ణి చేసింది.

వాస్తవం: ఇల్లినాయిస్‌లో మెజారిటీ 8,858 ఓట్లే కాబట్టి అనుమానం రావడం సహజం, షికాగో మేయర్ డేలీ యంత్రాంగంపై వచ్చిన ఆరోపణలను నేను తేలిగ్గా తీసుకోను. అయితే కెనెడీకి వచ్చిన 303 ఎలక్టోరల్ ఓట్లలోంచి ఆ రాష్ట్రపు 27 తీసేసినా 276 మిగులుతాయి, ఆ ఏడాది గెలుపుకు కావలసినవి 269. టెక్సాస్‌లోని 24 కూడా పోతే తప్ప ఫలితం తారుమారు కాదు. అక్కడ తేడా 46 వేలు దాటింది.

అపోహ: దేశవ్యాప్తంగా కెనెడీకి సుమారు 1,12,000 ఓట్ల ఆధిక్యం వచ్చిందన్నది తిరుగులేని లెక్క.

వాస్తవం: అలబామాలో ఓటర్లు ఎలక్టర్లకు విడివిడిగా ఓటేశారు. అక్కడ గెలిచిన, కెనెడీ పార్టీ అయిన డెమొక్రాట్ల 11 మంది ఎలక్టర్లలో ఐదుగురే కెనెడీకి కట్టుబడినవారు, మిగిలిన ఆరుగురు ఆయనను కాదని పోటీలో లేని సెనేటర్ బర్డ్‌కు వేశారు. ఆ పార్టీకి పడిన ఓట్లన్నీ కెనెడీ ఖాతాలో రాస్తేనే పై ఆధిక్యం నిలుస్తుంది. ఎలక్టర్ల సంఖ్యను బట్టి పంచితే దేశం మొత్తం మీద నిక్సనే ముందుంటారు. ఇందులో ఏ పద్ధతిని వాడామో చెప్పకుండా ఆ అంకెను ఉటంకించడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: రాష్ట్రం తన ఫలితాన్ని ధ్రువీకరిస్తూ పత్రం జారీ చేశాక అది మారదు.

వాస్తవం: హవాయిలో మొదట నిక్సన్ 141 ఓట్లతో గెలిచినట్టు ధ్రువీకరించారు. రీకౌంటింగ్ ముగియకముందే, 1960 డిసెంబరు 19న, రెండు పార్టీల ఎలక్టర్లూ తమ తమ ఓట్లు వేశారు. చివరికి కెనెడీ 115 ఓట్లతో నెగ్గారు, గవర్నర్ కొత్త ధ్రువపత్రం పంపారు. 1961 జనవరి 6న ఎలక్టోరల్ ఓట్లు లెక్కించిన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించింది అప్పటి ఉపాధ్యక్షుడైన నిక్సనే. ఇది ముందుముందు ఆనవాయితీ కారాదని చెప్పి, సభ్యులెవరూ అభ్యంతరం తెలపకపోవడంతో, హవాయి మూడు ఓట్లనూ ఆయన కెనెడీకే లెక్క వేయించారు.