యూపీఐ రుసుము వివాదం: ముడి పడింది 2019లో

యూపీఐ చెల్లింపులపై వ్యాపారుల నుంచి రుసుము వసూలు చేయాలా వద్దా అన్న చర్చ మళ్లీ రాజుకుంది. నోట్ల రద్దు, భీమ్ యాప్, వీధి వీధినా క్యూఆర్ కోడ్‌లు... ఆ కథ అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2019 జులై 5 నాటి బడ్జెట్ ప్రసంగం తెరవాలి.

ఏటా 50 కోట్ల రూపాయలకు మించి టర్నోవర్ ఉన్న సంస్థలు తక్కువ ఖర్చయ్యే డిజిటల్ చెల్లింపు మార్గాలను అందుబాటులో ఉంచాలని, వాటిపై కొనుగోలుదారు నుంచి గానీ వ్యాపారి నుంచి గానీ ఏ రుసుమూ తీసుకోరాదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ రోజు ప్రకటించారు. మరి ఖర్చు ఎవరు భరించాలి? నగదు నిర్వహణ తగ్గడం వల్ల మిగిలే సొమ్ములోంచి రిజర్వు బ్యాంకు, ఇతర బ్యాంకులు భరిస్తాయని అదే ప్రసంగంలో చెప్పారు. తర్వాత జరిగినదంతా ఈ మాటలోనే ఉంది. నోట్ల లెక్కింపు, రవాణా తగ్గితే మిగిలేది బ్యాంకులకు. యాప్ తయారుచేసి, దుకాణం దుకాణానికీ మనిషిని పంపి కోడ్ అతికించి, ఖాతాలో కోత పడినా అవతలికి చేరని డబ్బు గురించి వచ్చే ప్రతి ఫిర్యాదుకూ జవాబు చెప్పే కంపెనీకి నోట్ల ఖర్చు ఏనాడూ లేదు. లేని ఖర్చులోంచి మిగులు ఎలా వస్తుంది?

ఆ ప్రకటనకు తగ్గట్టు చెల్లింపులు, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టంలో 10ఏ సెక్షన్ చేరింది. నిర్దేశించిన డిజిటల్ మార్గాల్లో చెల్లించేవారి నుంచి గానీ, పుచ్చుకునేవారి నుంచి గానీ రుసుము తీసుకోరాదన్నది దాని సారాంశం. వ్యాపారి బ్యాంకుకు చెల్లించే శాతం, అంటే ఎండీఆర్, రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ 2020 జనవరి 1 నుంచి సున్నా అయింది. అంతకుముందు, 2018 జనవరి నుంచి, 2,000 రూపాయల లోపు చెల్లింపులపై ఎండీఆర్‌ను ప్రభుత్వమే బ్యాంకులకు తిరిగి ఇచ్చేది. సేవకు ఒక ధర ఉందని అప్పటిదాకా ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టే కదా.

ధర పోయాక ఉత్పత్తి స్వభావమే మారింది. చెల్లింపు ఎంత సాఫీగా సాగాలన్నది వెనక్కి వెళ్లి, చెల్లించిన మనిషికి ఇంకేం అమ్మవచ్చన్నది ముందుకొచ్చింది. యాప్ తెరిస్తే అప్పు, బీమా, బంగారం కనిపించేది అందుకే. కౌంటర్ మీద మాట్లాడే సౌండ్‌బాక్స్‌కు నెలనెలా అద్దె కట్టే దుకాణదారుకు రుసుము తప్పింది గానీ ఖర్చు పూర్తిగా తప్పలేదు. ఉచితమని తెలిసే దిగారు కదా అని కంపెనీలను అడగవచ్చు, అడగాలి కూడా. అయితే 2020కి ముందే దిగినవారికి ఆ ప్రశ్న వర్తించదు.

నష్టాన్ని ఏళ్ల తరబడి మోయగలిగిన పెద్దలే నిలిచారు. లావాదేవీల్లో దాదాపు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే చేతుల్లోనే ఉన్నాయి. ఏ యాప్‌కూ 30 శాతం మించి వాటా ఉండకూడదని యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2020 నవంబరులో పరిమితి ప్రకటించింది. దాని గడువు వాయిదాల మీద వాయిదాలు పడి 2026 డిసెంబరు 31కి చేరింది. ఆదాయం లేని చోటికి కొత్త పోటీదారులు ఎందుకు వస్తారు?

ధర లేని చోట వాడకానికి హద్దూ ఉండదు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ స్తంభించింది. లావాదేవీ స్థితి ఏమిటని బ్యాంకుల నుంచి పదేపదే వచ్చిన ఆరాలు వ్యవస్థను ముంచెత్తాయని తేలింది. ఆగస్టు 1 నుంచి ఖాతా నిల్వ చూసుకోవడాన్ని యాప్‌కు రోజుకు 50 సార్లకు కట్టడి చేశారు.

ప్రభుత్వ వాదన తెలిసినదే: యూపీఐ ప్రజల ఆస్తి, రుసుము ఆలోచన లేదు. 2022 ఆగస్టులోనూ, 2025 జూన్‌లోనూ ఆర్థిక శాఖ ఇదే చెప్పింది. రుసుము పడితే నగదుకే మళ్లుతామని చిన్న వ్యాపారులు అంటున్నారు. రుసుముకు బదులు ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం మాత్రం ఏటా బడ్జెట్ దయ. 2023-24లో రూపే, యూపీఐలకు కలిపి 3,500 కోట్ల రూపాయలకు పైగా ఇచ్చారు. 2024-25కు చిన్న వ్యాపారుల యూపీఐ లావాదేవీలకు ఆమోదించింది దాదాపు 1,500 కోట్లు. ఏటా అయ్యే ఖర్చు 10,000 కోట్లని కంపెనీల సంఘమైన పేమెంట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అంచనా. ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా కూడా 2025 జులైలో అన్నారు.

పేమెంట్స్ కౌన్సిల్ 2025 మార్చిలో ప్రధానికి లేఖ రాస్తూ కోరింది పెద్ద వ్యాపారుల నుంచి 0.30 శాతం రుసుము. క్రెడిట్ కార్డుపై ఇంతకంటే ఎక్కువే చెల్లిస్తున్నవారు వాళ్లు. చిక్కల్లా 10ఏ సెక్షన్‌తోనే. టర్నోవర్‌ను బట్టి వ్యాపారులను వేరు చేసే మాట అందులో లేదు. పెద్దవారి నుంచి మాత్రమే తీసుకోవాలన్నా ముందు చట్టమో, దానికి ఆధారమైన నిబంధనలో మారాలి.