పత్రి కట్టలో లేని ఆకులు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

చవితి రోజు ఫోన్లో మీరడిగిన దానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి గానీ, అవతల మీ అమ్మ కుడుములు చల్లారిపోతున్నాయని కేకలు పెడుతోంది. అందుకే ఈ ఉత్తరం. పత్రి అమ్మినాయన 21 రకాలున్నాయని చెప్పి కట్ట చేతిలో పెట్టాడనీ, ఇంటికొచ్చి విప్పితే మామిడాకు, గరిక తప్ప మిగతాదంతా ఏదో ఒకటే ఆకనీ చిన్ని ఫిర్యాదు. "మిగతావి అంతరించిపోయాయా తాతయ్యా?" అని బుజ్జిగాడి అనుమానం. బళ్ళో ఆ పాఠం ఈమధ్యే అయినట్టుంది.

అంతరించలేదురా. చాలామటుకు మీ విజయవాడలోనే ఉన్నాయి. తులసి, దానిమ్మ, గన్నేరు, మరువం, జాజి ఇళ్ళల్లో ఉంటాయి. రావి మీ పాత అపార్టుమెంటు పిట్టగోడ పగులులోనే మొలిచి ఉంటుంది, చూడండి. పిట్టలు రావిపళ్ళు తిని అక్కడ రెట్ట వేస్తే గింజ గోడలోనే మొలకెత్తుతుంది. జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, వాకుడు ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన, కాలువ గట్ల మీద దొరుకుతాయి. విష్ణుక్రాంత కావాలంటే మాత్రం నేలమీద కూర్చుని వెతకాలి. గడ్డిలో చిటికెన వేలి గోరంత నీలిపువ్వు. దేవదారు ఒక్కటి వదిలెయ్యండి, అది హిమాలయాల చెట్టు, బెజవాడ ఎండకు తట్టుకోదు.

మా చిన్నప్పుడు బెజవాడలో పత్రి కొనడమనే మాటే లేదు. తెల్లవారకముందే గుణదల వైపు ఏలూరు కాలువ గట్టు మీదికి పిల్లలమంతా గుంపుగా బయలుదేరేవాళ్ళం. అప్పటికింకా కాలువలో సరుకుల పడవలు తిరుగుతుండేవి. గుమ్మడికాయల పడవ కనిపిస్తే పత్రి సంగతి మరిచిపోయి దాని వెంట పరుగెత్తేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి నిక్కరు నిండా ఉత్తరేణి గింజలు. వాటికి వాడి ముళ్ళుంటాయి, బట్టను పట్టుకుంటే వదలవు. మా నాయనమ్మ అరుగుమీద కూర్చుని ఒక్కో ఆకు నలిపి వాసన చూసేది. వావిలాకును మాత్రం పూజకు రెండు రెమ్మలుంచి మిగతాది వేణ్ణీళ్ళలో వెయ్యడానికి దాచుకునేది, ఒళ్ళునొప్పులకు. బడికి వెళ్ళని ఆ మనిషికి తెలిసినన్ని మొక్కలు నాకు డిగ్రీ పూర్తయ్యేనాటికి కూడా తెలియవు. వేసవిలో కాలువ కట్టేస్తే గుంటల్లో మిగిలిన చేపల కోసం తెల్లకొంగలు దిగేవి. ఆ కథ ఇంకోసారి చెబుతాను, లేకపోతే ఈ ఉత్తరం తెమలదు.

ఇప్పుడు అసలు సంగతి. వినాయకుడు ఈ ఆకుల్ని ఏడాదికి ఒక్కరోజు అడుగుతాడు. రోజూ అడిగేవాళ్ళు వేరే ఉన్నారు.

మీ వీధి నిండా కాలేజీ హాస్టళ్ళూ మెస్సులే కదా. ఊళ్ళో ప్రతి మొక్కా ఒక మెస్సనుకోండి. రెక్కలొచ్చిన సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలి ఇంత తేనె తాగి పోతుంది. దాని పిల్లలకు, అంటే గొంగళిపురుగులకు, అలా కుదరదు. చాలావాటికి ఒకటో రెండో మెస్సుల్లోనే ఖాతా. పక్క మెస్సులో ఎంత కమ్మగా వండినా ముట్టవు, ఆకలికి చావనైనా చస్తాయి. నిమ్మ, మారేడు, కరివేపాకు ఒకే యజమాని నడిపే మెస్సులు. వాటి ఖాతాదారు లైమ్ బటర్‌ఫ్లై. దాని పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తలవెనక నుంచి రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది.

జిల్లేడు మెస్సు కథ ఇంకా గమ్మత్తు. అక్కడ వంటవాడు ప్రతి కూరలోనూ విషం కలుపుతాడు. ఆ పాలు మన కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అయినా ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక తన పిల్లల్ని అక్కడే చేర్పిస్తుంది. తెలుపు, నలుపు, పసుపు చారల పురుగు ముందు ఆకు ఈనెను కొరికి, పాలు కారిపోనిచ్చి, అప్పుడు భోజనం మొదలుపెడుతుంది. కొంత విషం దాని ఒంట్లోనే మిగిలి సీతాకోకచిలుక అయ్యాక కూడా కాపాడుతుంది. ఒకసారి నోట పెట్టిన పిట్ట ఆ చేదు మరిచిపోదు, ఆ రంగు రెక్కల జోలికి మళ్ళీ రాదు. ఇది చూసి డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో జాతిలో ఆడది జిల్లేడు మెస్సు ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని తిరుగుతుంది! రెక్కలు అవే రంగు, కొసన అదే నలుపు, అవే తెల్లమచ్చలు. అది పెరిగింది మాత్రం గంగపాయిలి కూర మెస్సులో.

మరి బిల్లెవరు కడతారని చిన్ని అడుగుతుంది, నాకు తెలుసు. గొంగళిపురుగు పైసా కట్టదు. పువ్వు దగ్గరికి వచ్చే పెద్ద నల్లతుమ్మెద పుప్పొడి మోసుకుపోయి కడుతుంది. అంటే తినేది ఒకరు, కట్టేది ఒకరు. పైగా పిట్టలు మెస్సుకొచ్చి భోంచేస్తున్నవాళ్ళనే భోంచేసి పోతాయి. ఇలాంటి మెస్సు మీ వీధిలో ఉంటే రెండోరోజే పోలీసులొస్తారు. అయినా ప్రతి మొక్కా ఒక మెస్సనే నా లెక్క నేను మార్చను.

ఆ పిట్టల సంగతే చూడండి. పిచ్చుక గింజలు తింటుందని అందరికీ తెలుసు. గూట్లో పిల్లలకు మాత్రం అది పురుగులే తెచ్చిపెడుతుంది. పిచ్చుకలు రావాలని బాల్కనీలో చెక్కడబ్బా కడుతున్నారు, మంచిదే. కిందనున్న ఖాళీ స్థలంలో కలుపుమందు కొట్టించాక పిల్లలకు పురుగు ఎక్కణ్ణుంచి తెస్తుందది? రోడ్డు మధ్య డివైడరు నిండా కోనోకార్పస్ అనే మొక్కలు నాటారు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, కాదనను. మా వీధి చివర అవి బారులు తీరి ఉన్నాయి, వాటి ఆకు మీద నాకు ఒక్క చిల్లు కూడా కనబడలేదు. చిల్లుల్లేని ఆకును చూసి మీరూ సంబరపడకండి, ఆ మెస్సులో ఎవరూ తినడం లేదని అర్థం.

పిచ్చిమొక్కలుంటే దోమలొస్తాయని మీ నాన్న అంటాడు. దోమ గుడ్డు పెట్టేది నిలవనీటిలో, జిల్లేడాకు మీద కాదు. కాబట్టి ముందు మేడమీది పాత డ్రమ్ము బోర్లించమనండి. పాముల భయం నిజమే, అందుకని గడ్డి గుబుర్లలోకి మీరు దిగొద్దు, రోడ్డు పక్క నుంచే చూడండి.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు మిమ్మల్ని తీసుకెళ్ళాను గుర్తుందా? గూడబాతులు, కొంగలు చెట్లనిండా గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని సొంతబిడ్డల్లా చూసుకుంటారు. పక్షి పెద్దదైతే కాపాడేవాళ్ళు దొరుకుతారు, గొంగళిపురుగుకు ఎవరు దొరుకుతారు? మీలాంటివాళ్ళే. దానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం పెట్టి ఏ మొక్క, దానిమీద ఎవరు, ఏ తేదీ, ఏ వీధి, ఇంతే రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద మునిసిపల్ కార్పొరేషను వేసే కమిటీ కూడా ఊళ్ళోని మొక్కల, ప్రాణుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచెయ్యాలి. ఎక్కడ ఏముందో వీధిలో తిరిగేవాళ్ళు చెప్పకపోతే అందులో ఏం రాస్తారు? పేరు తెలియకపోతే అమ్మ ఫోనులో ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెట్టండి, తెలిసినవాళ్ళు చెబుతారు. 2020 నుంచి మన దేశంలో సెప్టెంబరులో బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని సీతాకోకచిలుకల లెక్క కూడా తీస్తున్నారు. చవితి పత్రి ఎండేలోపే మొదలుపెట్టవచ్చన్నమాట.

బెంజి సర్కిల్లో ఆ హారన్లు, ఆ పొగ, ఆ ఫ్లైఓవరు మీకు తెలిసినవే. వాటి మధ్య నుంచి నారింజరంగు రెక్కల ప్రాణి ఎగురుకుంటూ వచ్చి, వందల ఆకుల్లో జిల్లేడు మీదే వాలి, కాళ్ళతో ఆకును తట్టి చూస్తుంది. దాని నాలుక కాళ్ళలోనే ఉంది మరి! రుచి కుదిరితే ఆకు అడుగున ఒక్క గుడ్డు పెట్టి పోతుంది. దీన్ని నేనెంత రాసినా మీరు చూసినట్టు కాదు. వెళ్ళి చూడండి.

ఉదయం పూట వెళ్ళండి. కాలవలోకి వంగకండి, గట్టుమీద ఎదుటే కనబడే జిల్లేడును ఎంచుకోండి. ఆకు తెంపకండి, కొసను మెల్లిగా ఎత్తి లేతాకుల అడుగున వెతకండి. పాలు అంటితే కళ్ళు నులుముకోకుండా ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఉమ్మెత్త కాయ అసలు ముట్టుకోవద్దు, విషం. కరివేపాకు కుండీలో పురుగు కనబడితే మందు కొట్టొద్దని అమ్మతో చెప్పండి, ఆ పురుగు పెరిగేదాకా పోపులోకి కరివేపాకు బజార్లో కొనుక్కోమనండి. తిట్లు మీరు తినండి, ఆకు దాన్ని తిననివ్వండి.

ఫోటో వాట్సాప్‌లో పంపినా సరే, ఆకు అడుగు కనబడేలా తియ్యండి. ఏ వీధో రాయడం మరిచిపోవద్దు.

ఇట్లు,
మీ తాతయ్య