ఉమ్మడి వేటకు బ్రేకు పడిన ఏడాది

2000లో అమెరికా, కెనడాల్లోని నక్కల వేట క్లబ్బులన్నింటికీ ఒక కట్టడి వచ్చింది. ఒక కెన్నెల్ (వేటకుక్కలను పెంచే చోటు) కుక్కలను ఇంకో కెన్నెల్ కుక్కలతో కలపొద్దు, ఉమ్మడి వేటలు వద్దు, హౌండ్ (వేటకుక్క) షోలు వద్దు అన్నారు. చెప్పింది జంతు హక్కుల వాళ్లు కాదు, వేటగాళ్ల సొంత సంఘమే. 1907 నుంచి ఉన్న మాస్టర్స్ ఆఫ్ ఫాక్స్‌హౌండ్స్ అసోసియేషన్ అది (ఫాక్స్‌హౌండ్ అంటే నక్కల వేటకుక్క, మాస్టర్ అంటే వేట క్లబ్బు పెద్ద). కారణం మనకు బిహార్ వార్తల్లో వినబడే జబ్బు: కాలా అజార్.

ఆ ముందు ఏడాది న్యూయార్క్ రాష్ట్రం డచెస్ కౌంటీలోని ఒక వేట క్లబ్బులో కుక్కలు చిక్కిపోవడం మొదలైంది. ఒంటి మీద పుండ్లు, ముక్కు నుంచి రక్తం, కొన్నింటికి కిడ్నీలు పాడవడం. పరీక్షల్లో కాలా అజార్ తెచ్చే లీష్మేనియా అనే పరాన్నజీవి బయటపడింది. దీనికీ మన దక్షిణాదికీ ఒక పాత లంకె ఉంది. 1903లో మద్రాసు ఆస్పత్రిలో చార్లెస్ డోనవన్ అనే డాక్టరు రోగుల ప్లీహంలో ఈ క్రిమిని చూశాడు. అదే ఏడాది లండన్లో విలియం లీష్మన్ కూడా దీని గురించి రాశాడు. ఇద్దరి పేర్లూ కలిపి రోనాల్డ్ రాస్ దానికి లీష్మేనియా డోనవానీ అని పేరు పెట్టాడు. అమెరికా కుక్కల్లో దొరికింది దాని దగ్గరి బంధువు, మధ్యధరా దేశాల్లో ఎక్కువగా కనిపించే లీష్మేనియా ఇన్‌ఫాంటమ్.

అసలు వేర్వేరు గుంపుల కుక్కలను కలిపి ఎందుకు తోలుతారు? ఈ అలవాటుకు రెండు మూలాలున్నాయి, ఒకటి దొరలది, ఇంకొకటి రైతులది.

దొరల దారి ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1650లో రాబర్ట్ బ్రూక్ తన వేటకుక్కలతో మేరీల్యాండ్‌లో దిగాడు. జార్జ్ వాషింగ్టన్ తన ఎస్టేటు మౌంట్ వెర్నాన్‌లో హౌండ్లను పెంచాడు. 1785లో ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ ఆయనకు ఫ్రెంచ్ హౌండ్లను పంపాడు. వాటిని తన దగ్గరున్న వాటితో సంకరం చేయించాడు వాషింగ్టన్. అంటే అమెరికన్ ఫాక్స్‌హౌండ్ అనే జాతే బయటి రక్తం కలపడం వల్ల పుట్టింది. ఈ పద్ధతిలో ప్యాక్ (కుక్కల గుంపు) అంటే ఒక యజమాని, ఒక కెన్నెల్, ఒక హంట్స్‌మన్ (వేటలో కుక్కలను నడిపించేవాడు). కుక్కలు ఆ ఒక్కడి గొంతుకూ కొమ్ముబూరకే అలవాటు పడి ఉంటాయి. రెండు గుంపులు కలిస్తే ఎవరి మాట వినాలో వాటికి తెలియదు. వేగాలు కూడా కలవవు. చురుకైనవి ముందుకు దూసుకుపోతే మిగిలినవి మైళ్ల కొద్దీ చెదిరిపోతాయి. వేటగాడికి అంతకన్నా టెన్షన్ ఉండదు.

అందుకే 1905 నవంబరులో వర్జీనియాలో జరిగిన ప్రసిద్ధ పోటీలో కూడా రెండు గుంపులనూ కలపలేదు. హ్యారీ వూస్టర్ స్మిత్ తన అమెరికన్ హౌండ్లే గొప్పవన్నాడు, హెన్రీ హిగ్గిన్సన్ తన ఇంగ్లీషు హౌండ్లే గొప్పవన్నాడు. చెరో వెయ్యి డాలర్ల పందెం. ఒక రోజు ఒకరి కుక్కలు, మర్నాడు ఇంకొకరివి. రెండు వారాలైనా రెండు పక్షాలూ ఒక్క నక్కను కూడా చంపలేదు. అయినా న్యాయనిర్ణేతలు స్మిత్‌ను గెలిపించారు. ఇంత హడావుడికి ఫలితం ఇదా అనిపిస్తుంది గానీ, ఆ రగడ తర్వాత రెండేళ్లకే మాస్టర్ల సంఘం పుట్టింది.

రైతుల దారి వేరు. దక్షిణ రాష్ట్రాల్లో రాత్రిపూట ఊరి మనుషులు తలో రెండు మూడు కుక్కలు తెచ్చి ఒకేసారి వదిలేవాళ్లు. గుర్రాల్లేవు, ఎర్ర కోట్లు లేవు. నెగడు చుట్టూ కూర్చుని, చీకట్లో వినబడే అరుపులను బట్టి ఎవరి కుక్క ముందుందో వాదించుకునేవాళ్లు. నక్క దొరికినా దొరక్కపోయినా వాళ్లకు పట్టింపు లేదు. నాకైతే ఈ రెండింటిలో ఇదే అసలైన సరదాగా కనిపిస్తుంది. ఇక్కడ కలపడమే ఆట. 1893లో ఏర్పడిన నేషనల్ ఫాక్స్ హంటర్స్ అసోసియేషన్ దీన్నే ఫీల్డ్ ట్రయల్ అనే పోటీగా మార్చింది. పోటీకి వచ్చిన కుక్కల పక్కల మీద రంగుతో పెద్ద నంబర్లు వేసి, అన్నింటినీ ఒకేసారి వదిలి, జడ్జీలు గుర్రాల మీద వెంబడించి మార్కులు వేస్తారు.

తర్వాతి కాలంలో దొరల క్లబ్బులూ ఇటు మొగ్గాయి. రోడ్లు, ట్రెయిలర్లు వచ్చాక ఉత్తరాది క్లబ్బు తన కుక్కలను దక్షిణాదికి తీసుకెళ్లి అక్కడి వాళ్లతో కలిసి వేటాడటం కష్టం కాలేదు. ఆతిథ్యమిచ్చే క్లబ్బు హంట్స్‌మన్ నడిపిస్తాడు, అతిథులు కొన్ని జతలు తెస్తారు (హౌండ్లను జతల్లోనే లెక్కపెడతారు), సాయంత్రం విందు. అక్కడే మగ కుక్క నచ్చితే సంకరానికి మాట అనుకుంటారు.

కుక్కలు గుమిగూడితే జబ్బు వస్తుందని వేటగాళ్లకు తెలియనిదేం కాదు. ఇంగ్లండ్‌లో హౌండ్ పిల్లలను కొన్ని నెలలు పల్లె ఇళ్లలో పెంచి మళ్లీ కెన్నెల్‌కు చేర్చే ఆనవాయితీ ఉంది. అలా అన్నీ ఒకచోట చేరగానే డిస్టెంపర్ అనే కుక్కల అంటువ్యాధి ఊడ్చిపెట్టేది. ఆ బాధ పడలేకే 1923లో ది ఫీల్డ్ పత్రిక నిధి సేకరణ మొదలుపెట్టింది. ఆ డబ్బు సాయంతోనే లెయిడ్‌లా, డంకిన్ అనే శాస్త్రవేత్తలు 1928 నాటికి టీకా తయారుచేశారు. దాన్ని ఫాక్స్‌హౌండ్ గుంపుల్లోనూ వేసి చూశారు.

కానీ లీష్మేనియాకు అలాంటి తేలిక మార్గం దొరకలేదు. మందులు లక్షణాలను తగ్గించవచ్చు గానీ క్రిమిని పూర్తిగా వదిలించలేవు. పైకి ఆరోగ్యంగా కనబడే కుక్కలో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. 2000 నుంచి 2003 దాకా 35 రాష్ట్రాలు, 4 కెనడా ప్రావిన్సుల నుంచి 12,000కు పైగా పరీక్షలు చేశారు. 18 రాష్ట్రాల్లో, 2 ప్రావిన్సుల్లో ఫాక్స్‌హౌండ్లకు సోకినట్టు తేలింది. మనుషులకు సోకిన దాఖలా కనబడలేదు.

ఇక్కడే చిక్కుముడి. ఈ జబ్బును ఒకరి నుంచి ఒకరికి చేరవేసేది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. చలి ప్రాంతాల కెన్నెళ్లలో ఇంత వ్యాప్తికి ఆ ఈగ ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. పైగా వేరే జాతుల పెంపుడు కుక్కల్లో ఇది దాదాపు కనబడలేదు. కుక్క నుంచి కుక్కకే నేరుగా వెళ్తోందని పరిశోధకులు అనుకున్నారు: కాట్లాటల్లో రక్తం ద్వారానా, సంకరం ద్వారానా, తల్లి నుంచి పిల్లలకా? తర్వాత అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగిన పరిశోధనల్లో తల్లి గర్భంలోనే పిల్లలకు సంక్రమిస్తోందని గట్టి ఆధారాలు దొరికాయి.

దీన్ని బట్టి చూస్తే ఉమ్మడి వేట మీద పడిన నింద కొంత ఎక్కువేనని నా అభిప్రాయం. పొలంలో కలిసి పరిగెత్తిన మూడు గంటల కన్నా, ఆ సాయంత్రం విందులో కుదిరిన సంకరం ఒప్పందమే ఎక్కువ దూరం మోసుకెళ్లి ఉండాలి. మంచి గొంతు, మంచి ముక్కు ఉన్న కుక్క రక్తం పది కెన్నెళ్లకు పాకినట్టే, దానిలోని క్రిమీ పాకుతుంది. వాషింగ్టన్ కాలం నుంచి ఈ జాతిని నిలబెట్టిన అలవాటే అది. వేట ఆపడం తేలిక, పెంపకాన్ని ఆపమంటే ఏ మాస్టరూ ఒప్పుకోడు.

ఇంగ్లండ్‌లో 2017లో బయటపడిన కేసు ఇంకో రకం. కింబుల్‌విక్ హంట్ కెన్నెల్లో హౌండ్లకు పశువుల టీబీ సోకి పదుల సంఖ్యలో చంపేయాల్సి వచ్చింది. అక్కడ అనుమానం ప్రధానంగా చచ్చిన పశువుల పచ్చి మాంసం తిండి మీదికి వెళ్లింది.

అమెరికాలో ఉమ్మడి వేటలు ఎక్కువ కాలం ఆగలేదు. 2007లో మాస్టర్ల సంఘం శతాబ్ది ఉత్సవాలను ఉమ్మడి వేటలతోనే జరుపుకుంది. వాటితో పాటు పలు క్లబ్బుల హౌండ్లను కలిపి వదిలే పెర్ఫార్మెన్స్ ట్రయల్స్ కూడా పెట్టింది. రాత్రి వేటగాళ్ల పద్ధతిలోనే పక్కల మీద నంబర్లు వేసి మరీ.