మాడ్యులర్ రౌటర్‌లో ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్‌లు: అపోహలు - వాస్తవాలు

మాడ్యులర్ రౌటర్‌లో, అంటే కార్డులు మార్చుకోగల రౌటర్‌లో, ఇంటర్‌ఫేస్‌కు (కేబుల్ తగిలించే పోర్టుకు) ఐపీ అడ్రస్ ఇచ్చి, దాన్ని తెరిచే ‘నో షట్‌డౌన్’ కమాండ్ కొట్టి, పోర్టు పక్కన దీపం వెలగగానే పని ముగిసిందని లేచిపోవడం మా నెట్‌వర్కింగ్ రంగంలో చాలామందికి అలవాటు. తర్వాత వారాల తరబడి వచ్చే ‘నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంది’ అన్న ఫిర్యాదులకు కారణం, తరచుగా, ఆ మొదటి రోజున ఎవరూ చదవని రెండు మూడు పంక్తుల్లోనే ఉంటుంది. కాన్ఫిగరేషన్ రాయడం ఎంత పనో, అది నిజంగా అమల్లోకి వచ్చిందా అని లింకుకు రెండు వైపులా చూసి నిర్ధారించుకోవడం కూడా అంతే పని అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నిర్ధారణకు అడ్డుపడే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ‘అప్, అప్’ అని కనిపిస్తే లింకు బాగున్నట్టే.

‘షో ఇంటర్‌ఫేసెస్’ కమాండ్ చూపే మొదటి పంక్తిలో రెండు స్థితులు ఉంటాయి. మొదటిది భౌతికంగా సిగ్నల్ అందుతోందా లేదా అన్నది, రెండవది లైన్ ప్రోటోకాల్, అంటే ఆ సిగ్నల్‌పై ఫ్రేమ్‌లు (డేటా పొట్లాలు) నడిచే స్థితి ఉందా అన్నది. సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్‌లో ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్, తాను పనిచేస్తున్నానా అని చూసుకోవడానికి మామూలుగా ప్రతి 10 సెకన్లకు పంపే కీప్‌అలైవ్ ఫ్రేమ్ తనకు తాను పంపుకునేదే. అవతలి రౌటర్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. అందువల్ల మధ్యలో స్విచ్ గానీ మీడియా కన్వర్టర్ గానీ ఉంటే, అవతలి రౌటర్ పూర్తిగా ఆగిపోయినా మన వైపు ‘అప్, అప్’ అనే చూపిస్తుంది.

ముందు ఎల్ఎల్‌డీపీ, అంటే పొరుగు పరికరాలు తమ పేరూ పోర్టూ చెప్పుకునే ప్రోటోకాల్, చూడాలి. మామూలు అమరికలో ఆ సమాచారం ప్రతి 30 సెకన్లకు ఒకసారి వస్తుంది, 120 సెకన్ల పాటు నిలుస్తుంది. కేబుల్ మనం అనుకున్న పరికరానికే, అనుకున్న పోర్టుకే వెళ్లిందా అన్నది అక్కడ తేలుతుంది. తర్వాత పింగ్, అంటే అవతలికి పరీక్ష ప్యాకెట్లు పంపి జవాబు చూడడం. మొదటి ప్యాకెట్ పోయి మిగిలిన నాలుగూ వచ్చి 80 శాతం అని చూపిస్తే కంగారు పడనక్కరలేదు, అవతలి ఐపీ అడ్రస్‌కు ఏ మ్యాక్ (హార్డ్‌వేర్) అడ్రస్ ఉందో అడిగే ఏఆర్‌పీకి సమాధానం వచ్చేలోగా మొదటి ప్యాకెట్ పోవడం సహజం. రెండోసారి కూడా నష్టం కనిపిస్తే మాత్రం వదిలిపెట్టకూడదు.

అపోహ: ఆటో నెగోషియేషన్‌ను నమ్మకూడదు, వేగాన్నీ డ్యూప్లెక్స్‌నూ మనమే ఖాయం చేయడం క్షేమం.

వేగాన్నీ డ్యూప్లెక్స్‌నూ రెండు వైపుల పరికరాలు తమలో తామే తేల్చుకోవడం ఆటో నెగోషియేషన్. రెండు దిశల్లోనూ ఒకేసారి పంపగలిగితే ఫుల్ డ్యూప్లెక్స్, ఒకసారికి ఒక దిశలోనే అయితే హాఫ్ డ్యూప్లెక్స్. ఈ అభిప్రాయం ఊరికే పుట్టలేదు. 1995లో 100 మెగాబిట్ ఈథర్నెట్ ప్రమాణం వచ్చిన తొలి సంవత్సరాల్లో వేర్వేరు తయారీదారుల పరికరాలు ఒకదానితో ఒకటి సరిగా కుదురుకునేవి కావు. ఆ కాలపు జాగ్రత్త నేటికీ నియమంగా మిగిలిపోయి, ఇప్పుడు అదే తప్పులకు కారణమవుతోంది.

ఒక వైపు 100 మెగాబిట్, ఫుల్ డ్యూప్లెక్స్ అని ఖాయం చేసి, రెండో వైపు ఆటోలో వదిలేశారనుకుందాం. ఖాయం చేసిన వైపు నెగోషియేషన్ సంకేతాలు పంపదు. ఆటో వైపు సిగ్నల్ తీరును బట్టి వేగాన్ని పసిగడుతుంది గానీ డ్యూప్లెక్స్‌ను తెలుసుకునే మార్గం దానికి లేదు, కాబట్టి ప్రమాణం ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగుతుంది. లింకు పైకి వస్తుంది, చిన్న ప్యాకెట్లు ఒక్కొక్కటిగా పోతాయి గనుక పింగ్ కూడా చక్కగా పనిచేస్తుంది. పెద్ద ఫైలు పంపినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. హాఫ్ డ్యూప్లెక్స్ వైపు లేట్ కొలిజన్లు, అంటే ఫ్రేమ్‌లో మొదటి 64 బైట్లు దాటాక జరిగే ఢీలు, పెరుగుతాయి; ఆ వైపు తన ఫ్రేమ్‌ను మధ్యలోనే ఆపేస్తుంది కాబట్టి ఫుల్ డ్యూప్లెక్స్ వైపు సీఆర్‌సీ లోపాలు (ఫ్రేమ్ చెడిపోయిందని చూపే తనిఖీ లోపాలు), రంట్లు (కనీస పరిమాణం కన్నా చిన్న ఫ్రేమ్‌లు) పెరుగుతాయి. ఒక్క వైపే చూసినవారు సీఆర్‌సీ కనబడింది కదా అని కేబుల్ మారుస్తారు, కొత్త కేబుల్‌తోనూ అదే కథ నడుస్తుంది.

రాగి తీగపై గిగాబిట్ విషయంలో ఈ చర్చకు ఆస్కారమే లేదు. 1999లో వచ్చిన 1000బేస్-టీ ప్రమాణంలో క్లాక్‌ను ఏ వైపు నడపాలో తేల్చుకోవడానికి నెగోషియేషన్ తప్పనిసరి. ఫైబర్ గిగాబిట్‌లో నెగోషియేషన్ వేగాన్ని నిర్ణయించదు. అవతలి వైపు లోపాన్ని ఇవతలికి తెలియజేయడం వంటి పనులకు ఉపయోగపడుతుంది. దాన్ని ఒక్క వైపే ఆపేస్తే ఒక వైపు అప్, రెండో వైపు డౌన్ అనే విచిత్రమైన స్థితి వస్తుంది. 10 గిగాబిట్ ఫైబర్‌లో ఇది అసలు లేదు. రెండు వైపులా ఆటోలో ఉంచండి. పాత పరికరం వల్ల ఖాయం చేయక తప్పకపోతే రెండు వైపులా ఒకేలా చేసి, ఆ సంగతి ఇంటర్‌ఫేస్ డిస్క్రిప్షన్‌లో రాయండి.

‘బ్యాండ్‌విడ్త్’ కమాండ్‌తో వేగం మారుతుందన్నది ఇంకో అపోహ. అది ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ వంటి, దారులు ఎంచే రూటింగ్ ప్రోటోకాల్‌లు లెక్క కట్టుకునే అంకె మాత్రమే. దాన్ని మార్చితే ట్రాఫిక్ వెళ్లే దారి మారవచ్చు గానీ పోర్టు వేగం మారదు.

అపోహ: రెండు వైపులా ఎంటీయూ అంకె ఒకటే ఉంటే చాలు.

ఎంటీయూ అంటే ఇంటర్‌ఫేస్ ఒక్కసారిలో పంపగల అతి పెద్ద పరిమాణం, బైట్లలో. అంకె ఒకటే అయినా లెక్కపెట్టే తీరు వేరు కావచ్చు. సిస్కో ఐఓఎస్‌లో 1500 అంటే ఈథర్నెట్ హెడర్‌ను వదిలేసిన లెక్క. సిస్కో పెద్ద రౌటర్ల ఐఓఎస్ ఎక్స్ఆర్‌లోనూ జునిపర్ రౌటర్ల జునోస్‌లోనూ 14 బైట్ల ఈథర్నెట్ హెడర్‌ను కలుపుతారు, కాబట్టి అక్కడ అదే పరిమాణం 1514గా కనిపిస్తుంది. జంబో (మామూలు కన్నా పెద్ద) ఫ్రేమ్‌ల కోసం ఐఓఎస్ వైపు 9000, జునోస్ వైపు కూడా 9000 అని పెడితే, ఆ రెండో వైపు 8986 బైట్ల ఐపీ ప్యాకెట్ దగ్గరే ఆగిపోతుంది. వీలాన్ ట్యాగ్ (ఫ్రేమ్ ఏ వర్చువల్ నెట్‌వర్క్‌కు చెందిందో చెప్పే గుర్తు) ఉంటే మరో 4 బైట్లను లెక్కలోకి తీసుకోవాలి.

ఈ తేడా ఉన్న లింకుపై ఓఎస్‌పీఎఫ్ పొరుగు సంబంధం ఎక్స్‌స్టార్ట్ లేదా ఎక్స్ఛేంజ్ అనే మధ్య దశలో ఇరుక్కుపోతుంది, ఎందుకంటే డేటాబేస్ వివరణ ప్యాకెట్లలో ఎంటీయూ విలువ ఉంటుంది. అప్పుడు కొందరు ఎంటీయూను పట్టించుకోవద్దని ఓఎస్‌పీఎఫ్‌కే చెప్పేస్తారు. పొరుగు సంబంధం కుదురుతుంది, అసలు లోపం మాత్రం అలాగే ఉండి పెద్ద ప్యాకెట్లను మింగేస్తూ ఉంటుంది. ఆ దారిని నేను ఎవరికీ సూచించను.

నిర్ధారణకు, ముక్కలు చేయరాదన్న డీఎఫ్ బిట్‌తో పెద్ద పింగ్ పంపాలి. ఐఓఎస్‌లో సైజు 1500 అంటే మొత్తం ఐపీ ప్యాకెట్. జునోస్‌లో సైజు అంటే డేటా మాత్రమే, కాబట్టి 20 బైట్ల ఐపీ హెడర్, 8 బైట్ల ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) హెడర్ తీసేసి 1472 ఇవ్వాలి.

అపోహ: కార్డు తీసి ఎక్కడ పెట్టినా కాన్ఫిగరేషన్ దానితోపాటే వస్తుంది.

మాడ్యులర్ రౌటర్‌లో ఇంటర్‌ఫేస్ పేరు ఒక చిరునామా. స్లాటు, పోర్టు అని రెండు అంకెలు కావచ్చు. జునోస్‌లో కార్డు, దానిలోని ఇంటర్‌ఫేస్ మాడ్యూల్, పోర్టు అని మూడు. ఐఓఎస్ ఎక్స్ఆర్‌లో ర్యాక్, స్లాటు, మాడ్యూల్, పోర్టు అని నాలుగు. ఇంటి నంబరు ఇంటికే గానీ అద్దెకు దిగినవారికి కాదు కదా. కాన్ఫిగరేషన్ కూడా స్లాటుకే చెందుతుంది. అదే స్లాటులో అదే రకం కార్డు పెడితే మామూలుగా పాత కాన్ఫిగరేషనే వర్తిస్తుంది. గిగాబిట్ కార్డు తీసి 10 గిగాబిట్ కార్డు పెడితే ఇంటర్‌ఫేస్ పేరే మారిపోతుంది, పాత పంక్తులు కొత్త పోర్టులకు అంటవు. పేరుతో ముడిపడిన రూటింగ్ పంక్తులనూ, పర్యవేక్షణ వ్యవస్థ వాడే ఎస్ఎన్‌ఎంపీ ఇండెక్స్‌నూ (ప్రతి ఇంటర్‌ఫేస్‌కు ఇచ్చిన సంఖ్యనూ) కూడా మళ్లీ సరిచూసుకోవాలి.

విద్యుత్తు ఆపకుండా కార్డు మార్చే సౌకర్యం అన్ని నమూనాల్లో, అన్ని మాడ్యూళ్లకూ ఉండదు, ఆ నమూనా హార్డ్‌వేర్ పత్రంలో చదివాకే చేయి వేయాలి. కార్డు మారితే కొన్ని నమూనాల్లో మ్యాక్ అడ్రస్ కూడా మారుతుంది. పొరుగు సిస్కో పరికరంలో ఏఆర్‌పీ నమోదు మామూలుగా 4 గంటలు నిలుస్తుంది కాబట్టి, ట్రాఫిక్ తిరిగి మొదలు కాకపోతే ఆ నమోదును చెరిపి చూడాలి.

అపోహ: ఎర్రర్ కౌంటర్ సున్నా కాకపోతే కేబుల్ పాడైనట్టే.

కౌంటర్లు చివరిసారి చెరిపినప్పటి నుంచి పోగవుతూ ఉంటాయి. అక్కడి అంకె నిన్నటిదో గత సంవత్సరానిదో అంకెను చూస్తే తెలియదు. చెరిపి, సమయం రాసుకుని, లింకుపై ట్రాఫిక్ నడిచాక మళ్లీ చూడాలి, పెరుగుతున్నదే లోపం. అవుట్‌పుట్ డ్రాప్‌లు, అంటే బయటికి పంపలేక వదిలేసిన ప్యాకెట్లు, అసలు కేబుల్ లోపమే కాదు, క్యూ నిండిపోయిందన్న గుర్తు. సగటు లోడు తక్కువగా ఉంది కదా అనడానికి లేదు, ఎందుకంటే ఐఓఎస్ మామూలుగా 5 నిమిషాల సగటు చూపిస్తుంది. దాన్ని 30 సెకన్లకు తగ్గిస్తే కొన్ని ట్రాఫిక్ ఉప్పెనలైనా కనిపిస్తాయి. ఫైబర్‌పై సీఆర్‌సీ పెరుగుతుంటే కనెక్టర్ శుభ్రంగా ఉందో లేదో చూసి, అందుతున్న కాంతి శక్తిని డీబీఎంలలో చదవాలి. 3 డెసిబెల్‌లు తగ్గితే శక్తి సగమైనట్టు. మొదటి రోజు విలువ రాసి పెట్టుకుంటేనే ఈ పోలిక సాధ్యం.

అపోహ: పనిచేస్తోంది కదా, కాన్ఫిగరేషన్ భద్రమైనట్టే.

ఐఓఎస్‌లో టైపు చేసిన పంక్తి వెంటనే అమల్లోకి వస్తుంది గానీ స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లోకి కాపీ చేయకపోతే రీలోడ్‌తో పోతుంది. జునోస్‌లో కమిట్ చేసేదాకా అమల్లోకే రాదు. ఏ ఇంటర్‌ఫేస్ ద్వారా రౌటర్‌లోకి ప్రవేశించామో దాన్నే మార్చవలసి వచ్చినప్పుడు జునోస్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ వాడాలి. మళ్లీ ధ్రువీకరించకపోతే మామూలుగా 10 నిమిషాల్లో పాత కాన్ఫిగరేషన్ తిరిగి వస్తుంది. ఐఓఎస్‌లో అయితే మార్పుకు ముందే కొన్ని నిమిషాల తర్వాత రీలోడ్ అయ్యేలా సమయం పెట్టి, అంతా సరిగా ఉందని రెండు వైపులా చూసుకున్నాక ఆ రీలోడ్‌ను రద్దు చేసి, అప్పుడు సేవ్ చేయాలి.