అండమాన్ దీవికి పేరైన నీల్ ఎవరు?

అండమాన్‌లోని నీల్ దీవి 2018 డిసెంబరులో షహీద్ ద్వీప్ అయింది. పేరు పోయింది సరే, అసలా నీల్ ఎవరన్న చర్చ పెద్దగా జరగలేదు. మనకు అంత దూరపువాడేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఎదిగిన అధికారి.

జేమ్స్ నీల్ 1810లో స్కాట్లాండ్‌లో పుట్టి, 1827లో మద్రాసు సైన్యంలో చేరాడు. రెండో బర్మా యుద్ధం చూశాడు. క్రిమియా యుద్ధకాలంలో టర్కీ దళంలో పనిచేశాడు. ముప్పై ఏళ్ల కొలువు ఇలా పెద్ద పేరేమీ లేకుండానే గడిచింది. పేరంతా 1857లో, బతుకులోని ఆఖరి నాలుగు నెలల్లో వచ్చిందే.

తిరుగుబాటు వార్త అందగానే మద్రాసు ఫ్యుజిలియర్స్ అనే దళాన్ని కలకత్తాకు ఓడలో తీసుకెళ్లాడు. అక్కడ తన సైనికులు ఎక్కేలోపే రైలు కదిలిపోతుందని స్టేషన్ మాస్టర్‌ను, డ్రైవర్‌ను నిర్బంధించి మరీ బండి ఆపించాడు. మనిషి తీరు అది. జూన్‌లో కాశీ, అలహాబాద్‌లలో ఉరికొయ్యలు లేచాయి, చుట్టుపక్కల ఊళ్లు తగలబడ్డాయి. కాన్పూరులో బీబీఘర్ అనే ఇంట్లో తిరుగుబాటుదారులు ఆంగ్ల స్త్రీలను, పిల్లలను చంపినందుకే నీల్ అంత క్రూరంగా మారాడని అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు అంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. బీబీఘర్ హత్యలు జరిగింది జులై 15న. అలహాబాద్ దారుణాలు అంతకు నెల ముందే మొదలయ్యాయి. కాన్పూరు చేరాక అతను చేసింది మరీ ఘోరం. దోషులని తేల్చినవాళ్ల చేత, ఉరి తీసే ముందు, ఆ ఇంటి నేల మీది నెత్తురు శుభ్రం చేయించాడు. కాదంటే కొరడా దెబ్బలు. కులం చెడాలి, చచ్చాక కూడా గతి లేదన్న భయం మిగలాలి, అదీ లెక్క. సెప్టెంబరు 25న లక్నోలో తుపాకీ గుండు తగిలి చనిపోయాడు.

1861కల్లా మద్రాసు మౌంట్ రోడ్డులో అతనికి కంచు విగ్రహం లేచింది. దాన్ని తీసెయ్యాలని 1927లో సత్యాగ్రహం మొదలైంది. అహింస తప్పకూడదంటూ గాంధీజీ దాన్ని సమర్థించారు. వలంటీర్లు జైళ్లకు వెళ్లారు గానీ విగ్రహం కదల్లేదు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక, మన ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రిగా ఉన్న రోజుల్లో, దాన్ని మద్రాసు మ్యూజియానికి తరలించారు.